చెరువు కథ, చెరువు కట్టుబాటు: గుర్రంకొండ పరిసర ప్రాంత జానపద కథాసంప్రదాయం – పర్యావరణ వర్తన – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

జానపద కథల ద్వారా ప్రజలలో పర్యావరణ స్పృహను పెంపొందించవచ్చుననే అభిప్రాయం విద్యారంగంలోను, గ్రామాభివృద్ధి రంగంలోను బలంగా ఉంది. ఈ అభిప్రాయాన్ని గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చెరువుల చరిత్ర నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాయలసీమకు చెందిన ముసలమ్మ కథ, కన్నడ సీమకు చెందిన ‘కెరెగె హార’, పూలచెట్టు కథ, ఆవు–పులి కథ ఇందులో ప్రధాన ఆకరాలు. వీటిని పోరుమామిళ్ల శాసనంతోను, దశబంధ ఇనాము, కుడిమరామతు వంటి వ్యవస్థలతోను పోల్చి చూడటం జరిగింది. కథ ఒంటరిగా మనుషుల నడవడిని మార్చలేదని, దాని వెనుక ఒక కట్టుబాటు నిలిచి ఉన్నప్పుడే అది పనిచేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బలి కథలను తరగతి గదిలో బోధించేటప్పుడు త్యాగం ఎవరి వంతు అయిందనే ప్రశ్నను విడిచిపెట్టరాదని సూచిస్తుంది.

కీలకపదాలు: గుర్రంకొండ, చెరువు, దశబంధం, ముసలమ్మ, జానపద కథ, పర్యావరణ వర్తన, రిషివ్యాలీ.

1. ఉపోద్ఘాతం

జానపద విజ్ఞానం సమాజంలో నిర్వహించే ప్రయోజనాలను విలియం బాస్కమ్ 1954లో నాలుగుగా గుర్తించారు. వినోదం కలిగించడం, సంస్కృతిని సమర్థించడం, విద్య గరపడం, కట్టుబాట్లకు లోబడి నడిచేటట్లు చేయడం అనేవి ఆ నాలుగు. తెలుగులో బిరుదురాజు రామరాజు, ఆర్వీయస్ సుందరం మొదలైన పండితుల కృషి వల్ల జానపద విజ్ఞాన అధ్యయనానికి శాస్త్రీయమైన పునాది ఏర్పడింది. ఆ పునాదిపై గత కొన్ని దశాబ్దాలలో పర్యావరణ దృష్టితో కథలను చదివే ప్రయత్నాలు పెరిగాయి. అయితే ఇటువంటి వ్యాసాలలో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. కథలో చెట్టు ఉంటే వృక్షసంరక్షణ అనీ, పులి ఉంటే వన్యప్రాణి సంరక్షణ అనీ, చెరువు ఉంటే జలసంరక్షణ అనీ చెప్పి ముగించడం జరుగుతోంది. ఇది కథకు శీర్షిక పెట్టడమే అవుతుంది కాని కథను చదవడం కాదు.

బాస్కమ్ చెప్పిన నాలుగింటిలో చివరి రెండు ఒకటి కావు. విద్య గరపడం వేరు, కట్టుబాటుకు లోబరచడం వేరు. చెరువులో పూడిక తీయాలని కథ చెప్పగలదు. పూడిక తీయడానికి రాని ఇంటిని కథ ఏమీ చేయలేదు. ఆ పని చేయవలసింది ఊరు. కాబట్టి ఏ కథనైనా పర్యావరణ దృష్టితో చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, ఆ కథ ఒక వనరును, దానిని వాడుకొనే నియమాన్ని స్పష్టంగా చెబుతున్నదా? రెండు, ఆ వనరు నిలవడానికి కథలో మూల్యం చెల్లించినవారెవరు? మూడు, ఆ కథ వాడుకలో ఉన్న కాలంలో ఆ నియమాన్ని అమలు జరిపిన వ్యవస్థ ఏది? ఈ వ్యాసంలో పరిశీలించిన ప్రతి కథకు ఈ మూడు ప్రశ్నలే కొలబద్దలు.

2. పరిశీలన ప్రాంతం: నేల, నీరు, పాలన

గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగానికి చెందినవి. మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టానికి ఎత్తుగా, రాతిగుట్టల నడుమ ఉన్న మెట్టసీమ ఇది. బాహుదా, పాపఘ్ని, పాలారు వంటి నదులు ఈ ప్రాంతాన్ని తాకుతూ ప్రవహిస్తున్నా ఏడాది పొడవునా నీరున్న నది ఒక్కటీ లేదు. మదనపల్లె పరిసరాలలో సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఆ కొద్దిపాటి వాన కూడా కొన్ని దినాలలోనే కురిసి పోతుంది. గుట్టల మీద పడిన నీటిని వంకలలోనుండి మళ్ళించి, రెండు గుట్టల నడుమ కట్ట వేసి నిలుపుకోవడం తప్ప ఇక్కడి రైతుకు మరొక మార్గం లేకపోయింది. ఈ సీమలో చెరువులు, కుంటలు వేల సంఖ్యలో ఏర్పడటానికి కారణం ఇదే. అవి గొలుసుకట్టుగా ఉంటాయి. పైచెరువు మొరవ పోతే ఆ నీరు కిందిచెరువుకు చేరుతుంది. పైఊరి కట్ట తెగితే కిందిఊరి కట్టకు కూడా ముప్పే.

పాలనాపరంగా చూస్తే ఈ నాలుగు ఊళ్ళ చరిత్ర ఒకే తీరుగా సాగలేదు. గుర్రంకొండ కోట విజయనగర పాలన తరువాత నవాబులు, మరాఠాలు, హైదరు, టిప్పు, నిజాము చేతులు మారుతూ వచ్చింది. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన మండలాలలో గుర్రంకొండ సీమ కూడా చేరింది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు చాలాకాలం కడప జిల్లాలో ఉండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పం కంగుంది జమీందారీలో భాగం. రైతువారీ గ్రామాలలో చెరువు బాధ్యత సర్కారుకు, రయితుకు మధ్య పంపకం కాగా, జమీందారీ గ్రామాలలో జమీందారు కూడా ఆ లెక్కలోకి వచ్చాడు. భాష విషయంలోనూ ఇది కూడలి ప్రాంతం. కుప్పానికి ఒకవైపు కన్నడం, మరొకవైపు తమిళం. ద్రావిడ భాషల అధ్యయనానికి 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడటం ఈ భౌగోళిక వాస్తవానికి తగినదే. కథలకు తాలూకా హద్దులు లేవు కనుక ఈ ప్రాంత కథాసంప్రదాయాన్ని పరిశీలించేవారు అనంతపురం వైపు, కోలారు వైపు కూడా చూడక తప్పదు.

3. గుర్రం కథ: ఒక హెచ్చరిక

గుర్రంకొండ పేరుకు సంబంధించి ప్రసిద్ధమైన స్థలకథ ఒకటుంది. కొండమీది కోటను ఒక గుర్రం కాపాడుతూ ఉండేదట. ఆ గుర్రం కోటలో ఉన్నంతకాలం శత్రువులెవరూ దానిని గెలువలేకపోయారట. చివరకు మరాఠాలకు చెందిన ఒకడు నిట్టనిలువు బండను ఎక్కి ఆ గుర్రాన్ని దొంగిలించాడట. ఆంగ్లేయుల కాలపు గెజిటీరులలో కూడా ఈ కథ చోటుచేసుకొంది.

రాతిగోడలలో లేని బలం ఒక ప్రాణిలో ఉందని చెప్పే ఈ కథను ప్రకృతి ఆరాధనకు ఉదాహరణగా చూపడం సులభమే. కాని మన మూడు ప్రశ్నలు వేస్తే ఆ వ్యాఖ్య నిలవదు. ఈ కథలో ఉమ్మడి వనరు లేదు. దాని వాడుకకు నియమం లేదు. ఇది కోట పతనానికి జనం చెప్పుకొన్న కారణం. కాపలా ఉన్నంతవరకే కోట అనే లోకానుభవం ఇందులో ఉంది. పర్యావరణ విమర్శకుడు మొదట నేర్చుకోవలసినది ఈ నిగ్రహమే. జంతువు పేరు వినిపించిన ప్రతి కథా పర్యావరణ కథ కాదు.

4. శాసనం ఒకరిని తలచింది, కథ మరొకరిని తలచింది

రాయలసీమ చెరువుల చరిత్రకు రెండు రకాల ఆకరాలున్నాయి. ఒకటి శాసనం, రెండవది కథ. ఈ రెండూ ఒకే విషయాన్ని గురించి చెప్పినా, గుర్తుపెట్టుకొన్న మనుషులు వేరు.

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యాన్ని పాలించిన భాస్కర భవదూరుడు ఈ చెరువును కట్టించాడు. సంస్కృతంలో ఉన్న ఈ శాసనం మన దేశపు జలనిర్మాణ విజ్ఞానానికి ఒక అపురూపమైన సాక్ష్యం. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు ఉండరాని ఆరు దోషాలను ఇది పేర్కొంటుంది. ధర్మబుద్ధి గల ప్రభువు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటిని తెచ్చే నది, రాతితో బిగించిన కట్ట, పనితనం తెలిసిన మనుషులు మొదలైనవి అంగాలలో ఉన్నాయి. కట్టలోనుండి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నడుమ నేల మెరకగా ఉండటం, నేల విస్తారమై నీరు చాలకపోవడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం దోషాలు. సరిహద్దున చెరువు ఉండటాన్ని దోషంగా లెక్కించడం గమనింపదగినది. నీటి తగవు కూడా కట్టకు ఒక గండివంటిదేనని 14వ శతాబ్దపు పండితుడు గ్రహించాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరాలు ఈ నిర్మాణానికి పట్టాయని శాసనం చెబుతుంది. ఆ వేయిమందిలో ఒక్కరి పేరూ అందులో లేదు.

కథ తీరు వేరు. అనంతపురం పక్కన ఉన్న బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడి, ఊరు మునిగిపోయే దశలో, బసిరెడ్డి కోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందని దైవవాక్కు పలికిందట. ఆ ఇల్లాలు ఇంటివారి వద్ద సెలవు తీసుకొని గండిలోకి నడిచి వెళ్ళిందట. కట్ట నిలిచిందట. నేటికీ అక్కడివారు ముసలమ్మ కట్ట అని చెప్పుకొంటారు. సి.పి. బ్రౌన్ ప్రకటించిన అనంతపుర చరిత్ర ద్వారా ఈ కథ అచ్చులోకి వచ్చింది. దానిని ఆధారం చేసుకొని చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణము’ కావ్యాన్ని రచించారు. తరువాతి కాలంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షులైన ఆయన, విద్యార్థి దశలో తన కావ్యానికి ఒక రాజునో పురాణస్త్రీనో కాక, ఊరి చెరువు కోసం ప్రాణమిచ్చిన ఒక రెడ్ల కోడలిని నాయికగా ఎంచుకోవడం సాహిత్య చరిత్రలో ఎంత ముఖ్యమో, చెరువుల చరిత్రలోనూ అంత ముఖ్యం.

సరిహద్దు దాటితే ఇదే కథాంశం కన్నడంలో ‘కెరెగె హార’గా కనిపిస్తుంది. మల్లనగౌడుడు తవ్వించిన చెరువులో నీరు పడకపోవడంతో చిన్నకోడలు భాగీరథిని బలి ఇస్తారు. దండులో ఉన్న భర్త తిరిగి వచ్చి సంగతి తెలుసుకొని అదే చెరువులో దూకి ప్రాణం విడుస్తాడు. ఒకచోట తెగిన కట్ట, మరొకచోట ఎండిన చెరువు. నీరు ఎక్కువైనా, తక్కువైనా మూల్యం కోడలే. పెద్దకోడళ్ళు తప్పుకొనగా, పుట్టింటివారి అండ దూరమైన చిన్నకోడలి వంతు కావడం ఈ కథలో కాకతాళీయం కాదు. గ్రామ నిర్ణయంలో గొంతు లేనివారే గ్రామ క్షేమానికి మూల్యం చెల్లించారని జానపదులు తమ పాటలోనే నమోదు చేసుకొన్నారు. భర్త మరణంతో ముగిసే కన్నడ గేయం ఆ బలిని మెచ్చుకొంటూనే నిలదీస్తుంది కూడా.

ఇటువంటి కథలు నిజంగా జరిగిన నరబలికి సాక్ష్యాలా అనే చర్చ పాతదే. ఈ వ్యాసానికి కావలసినది ఆ నిర్ధారణ కాదు. కట్ట అనేది ఎవరో ఒకరి ప్రాణంతో సమానమైన వస్తువని ప్రజలు భావించారనడానికి ఈ కథలు తిరుగులేని సాక్ష్యాలు. కథ విన్న పిల్ల కట్టమీద నడిచేటప్పుడు అది మట్టిదిబ్బ అనుకోదు. ఆ మన్నననే నేటి పరిభాషలో పర్యావరణ స్పృహ అంటున్నాము. అయితే ఆ మన్నన కట్టను మరమ్మతు చేయదు. మరమ్మతు చేసిన వ్యవస్థను వేరుగా వెదకాలి.

5. కథ వెనుక నిలిచిన కట్టుబాటు

ఆ వ్యవస్థలో మొదటిది దశబంధం. చెరువు కట్టించినవానికో, తెగిన చెరువును బాగుచేసినవానికో ఆయకట్టులో కొంత భూమిని లేదా ఆదాయాన్ని మాన్యంగా ఇచ్చేవారు. పదవ వంతు అనే అర్థం దాని పేరులోనే ఉంది. మాన్యం అనుభవించినంతకాలం కట్ట, తూము, మొరవ చెడకుండా చూడటం అతని విధి. విజయనగర కాలపు రాయలసీమ శాసనాలలో దశబంధం ప్రస్తావనలు విస్తారంగా ఉన్నాయి. చెరువు బాగుంటేనే తన మాన్యం పండుతుంది కనుక, మాన్యందారు లాభమూ ఊరి లాభమూ ఒకే తూము గుండా పారేవి.

రెండవది నీరుగంటి వృత్తి. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలి, కరవు సంవత్సరంలో ఎంత ఆయకట్టుకు కోత పెట్టాలి అనేవి అతని అధీనంలోని పనులు. అతనికి కళ్ళంలో ధాన్యం రూపంలో మేర ముట్టేది. మూడవది ఊరుమ్మడి శ్రమ. సాలుకొకసారి వంకలు బాగుచేయడం, కట్టమీద కంప కొట్టడం, పూడిక తీయడం ఇంటింటి వంతుగా సాగేవి. పూడికమట్టి పొలాలకు ఎరువు కావడంతో ఆ శ్రమకు ప్రతిఫలం ఉండేది. దీనినే ఆంగ్లేయుల రికార్డులు కుడిమరామతు అన్నాయి.

ఈ మూడింటికీ 19వ శతాబ్దంలో దెబ్బ తగిలింది. చెరువు ఆదాయం సర్కారు శిస్తులో లెక్కకు వచ్చిందే కాని, చెరువు బాగోగులకు తగిన ఖర్చు రాలేదు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఊరుమ్మడి శ్రమను చట్టబద్ధం చేస్తూ ఒక శాసనాన్ని తెచ్చింది. వాడుకగా సాగవలసిన పనికి చట్టం అవసరమైందంటే అప్పటికే ఆ వాడుక సడలిందని అర్థం. అదే సంవత్సరం ఏర్పడిన ఇనాం కమిషను మాన్యాలను పరిశీలించి, వాటి హక్కులను కొత్తగా నిర్ణయించింది. 1876–78 మహాక్షామం రాయలసీమను కుదిపివేసిన తరువాత, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. సర్వేలు జరిగాయి, పటాలు గీశారు. కాని చెరువు క్రమంగా ఊరి వస్తువు కాక ఇంజనీరు వస్తువు అయింది. స్వాతంత్ర్యానంతరం 1956లో ఆంధ్ర ప్రాంతంలో వచ్చిన ఇనాముల రద్దు చట్టం భూసంబంధాలలో న్యాయం దిశగా వేసిన అవసరమైన అడుగు. అయితే మాన్యంతోపాటు దానిని అంటిపెట్టుకొన్న బాధ్యతను ఎవరు మోయాలనే ప్రశ్నకు సమాధానం దొరకలేదు.

పాత వ్యవస్థను స్వర్ణయుగంగా చిత్రించడం చరిత్రకారునికి తగదు. ఊరుమ్మడి శ్రమలో మట్టి తట్ట మోసినవారు, ఆయకట్టులో భూమి అనుభవించినవారు ఎల్లప్పుడూ ఒకరే కాదు. భూమిలేని కులాలవారికి శ్రమ వంతు ఉండి నీటి వంతు లేకపోయింది. ముసలమ్మ కథలోని అసమానత, కట్టుబాటులోని అసమానత ఒకే సమాజపు రెండు ముఖాలు. కాబట్టి కథను తిరిగి తెచ్చుకొనేటప్పుడు ఆ కట్టుబాటును యథాతథంగా తెచ్చుకోలేము. హక్కు ఉన్నచోట బాధ్యత, బాధ్యత ఉన్నచోట హక్కు ఉండాలనే దాని సూత్రాన్ని మాత్రమే స్వీకరించగలం.

6. గంగమ్మ, కప్పతల్లి, విరాటపర్వం

ఈ ప్రాంతపు గ్రామదేవత పేరే గంగమ్మ. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, చౌడేపల్లె సమీపంలో బోయకొండ గంగమ్మ ప్రసిద్ధులు. వాన రాని సంవత్సరంలో పిల్లలు కప్పను రోకలికి కట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్ళు పోయించుకొనే కప్పతల్లి ఆట, వాన కోసం విరాటపర్వం చదివించడం తెలుగునాట అంతటా ఉన్న ఆచారాలు. వీటిని మూఢనమ్మకాలని కొట్టివేయడమో, ప్రాచీన విజ్ఞానమని కీర్తించడమో చేయకుండా, వాటి సామాజిక కార్యాన్ని గమనించాలి. నీటి కొరతను ఒక ఇంటి బాధగా కాక ఊరి బాధగా ప్రకటించడం ఈ ఆచారాల ప్రధాన ప్రయోజనం. విరాటపర్వ పఠనానికి ఊరంతా ఒకచోట చేరినప్పుడు చెరువు మాట రాకుండా ఉండదు. వాన రావడం మనుషుల చేతిలో లేదు. వచ్చిన వానను పట్టి ఉంచే కట్టను చక్కబెట్టడం మాత్రం వారి చేతిలోనే ఉంది.

7. పూలచెట్టు కథ, ఆవు–పులి కథ: రెండు పొరుగు పాఠాలు

ఏ.కె. రామానుజన్ కర్ణాటకలో సేకరించిన కథలలో పూలచెట్టు కథ ఒకటి. ఆయన మరణానంతరం 1997లో వెలువడిన కథల సంపుటికి ఈ కథ పేరే పెట్టారు. ఒక పేదపిల్ల తనపై ఒక బిందె నీళ్ళు పోయించుకొని పూలచెట్టుగా మారుతుంది. కొమ్మ విరగకుండా, ఆకు చిరగకుండా పూలు మాత్రమే కోసుకోవాలి. తరువాత రెండవ బిందె నీళ్ళు పోస్తే తిరిగి మనిషి అవుతుంది. అక్క నియమం పాటించినన్నాళ్ళు ఇల్లు గడుస్తుంది. అత్తింటిలో ఆడపడుచు, ఆమె స్నేహితురాళ్ళు కొమ్మలు విరిచి, నీళ్ళు సరిగా పోయక వెళ్ళిపోవడంతో ఆ పిల్ల కాళ్ళూ చేతులూ లేని మొండెంగా మిగిలిపోతుంది. చివరకు భర్త విరిగిన కొమ్మలను సరిచేసి నీళ్ళు పోసి ఆమెను తిరిగి పొందుతాడు.

మన మొదటి ప్రశ్నకు ఇంత స్పష్టంగా సమాధానమిచ్చే కథ అరుదు. వనరు ఉంది, వాడుక నియమం ఉంది, నియమం తప్పితే జరిగే నష్టం ఉంది, నష్టాన్ని పూడ్చే మార్గమూ ఉంది. కోసుకోవడాన్ని ఈ కథ నిషేధించదు. కోసుకొనే పద్ధతిని నిర్దేశిస్తుంది. సుస్థిర వినియోగం అనే ఆధునిక భావనకు ఇది చాలా దగ్గర. రెండవ ప్రశ్నకు సమాధానం మళ్ళీ స్త్రీయే. మూడవ ప్రశ్న వద్ద ఈ కథ ఆగిపోతుంది. నియమాన్ని కాపాడే ఊరుగాని, పెద్దలుగాని ఇందులో లేరు. అంతా అక్క ప్రేమ మీద, భర్త ఓర్పు మీద ఆధారపడింది.

ఆవు–పులి కథ దీనికి భిన్నం. తెలుగులో అనంతామాత్యుని భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదంగా, కన్నడంలో పుణ్యకోటి పాటగా ఇది ప్రసిద్ధం. దూడకు పాలిచ్చి తిరిగి వస్తానని మాట ఇచ్చిన ఆవు ఆ మాట నిలుపుకొంటుంది. కన్నడ గేయంలో ఆ సత్యానికి చలించిన పులి తానే ప్రాణం విడుస్తుంది. పాఠశాలలలో దీనిని జీవకారుణ్య కథగా బోధించడం పరిపాటి. సత్యనిష్ఠకు ఇది ఉత్తమ ఉదాహరణ. కాని అడవి దృష్టితో చూస్తే, పులి చనిపోవడంతో ముగిసే కథ సంరక్షణ పాఠం ఎలా అవుతుంది? వేట పులికి ఆహారం, అధర్మం కాదు. నీతికథకు, పర్యావరణ కథకు మధ్య గల తేడాను విద్యార్థికి చూపడానికి ఈ కథ చక్కగా ఉపకరిస్తుంది.

మూడు ప్రశ్నలకూ సమాధానమిచ్చే చారిత్రక ఉదాహరణ దేశంలో మరొకచోట ఉంది. 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీ గ్రామంలో జమ్మిజాతి చెట్లను నరకడానికి వచ్చిన రాజభటులను అడ్డుకొంటూ అమృతాదేవితో మొదలై 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించారని ఆ సమాజం స్మరించుకొంటుంది. వారి కథ వెనుక 29 నియమాల కట్టుబాటు ఉంది. పచ్చని చెట్టును కొట్టరాదనేది అందులో ఒకటి. అక్కడ మూల్యాన్ని ఒక కోడలి మీదకు నెట్టలేదు, ఊరంతా పంచుకొంది. నియమం కథకు ముందే ఉంది. ఆ నియమానికి కథ జ్ఞాపకశక్తిని ఇచ్చింది.

8. బడిలోకి వచ్చిన కథ: రిషివ్యాలీ అనుభవం

మదనపల్లె సమీపంలో 1926లో ప్రారంభమైన రిషివ్యాలీ విద్యాసంస్థ, ఒకప్పుడు బోడిగా ఉన్న లోయలో దశాబ్దాల తరబడి చెట్లు పెంచింది. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 1980ల చివర నుండి ఈ సంస్థ గ్రామీణ విద్యావిభాగం చుట్టుపక్కల పల్లెలలో చిన్న బడులను నడుపుతూ, తెలుగులో ‘పెట్టెలో బడి’ పేర ప్రసిద్ధమైన అభ్యాసనా కార్డులను రూపొందించింది. స్థానిక కథలు, పాటలు, బొమ్మలాటలు, ఆటలు ఈ అభ్యాసనలో భాగం. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు తమ వేగంతో నేర్చుకొనే ఈ పద్ధతిని చూసివెళ్ళిన కర్ణాటక ఉపాధ్యాయులు 1995లో ‘నలి–కలి’కి శ్రీకారం చుట్టారు.

ఈ అనుభవం నుండి మన చర్చకు ఉపకరించే అంశం ఒకటుంది. ఆ బడిలో కథ ఒంటరిగా లేదు. కథ చదివే బడి ఆవరణలోనే చెట్టు ఉంది, ఆ చెట్టుకు నీళ్ళు పోసే పని ఉంది. ఊరి తల్లిదండ్రులకు బడితో సంబంధం ఉంది. కథ చెప్పిన మాటకు చేతిపని తోడైంది. పూలచెట్టు కథ విన్న పిల్లకు రెండవ బిందె నీళ్ళు ఎక్కడ పోయాలో తెలిసే ఏర్పాటు ఇది.

9. బోరుబావి కాలంలో కథ

నేటి మదనపల్లె దేశంలోనే పేరుపొందిన టమోటా మార్కెట్టు. ఆ పంట ఎక్కువగా బోరుబావుల నీటితో పండుతోంది. చెరువు నీరు కంటికి కనిపిస్తుంది, కాబట్టి దానికి కథ పుట్టింది. భూగర్భజలం కంటికి కనిపించదు, అందువల్ల దానికి ముసలమ్మ లేదు. పక్కవాని బోరు ఎండితే అది అతని దురదృష్టమని అనుకొంటామే కాని, ఊరి కట్ట తెగిందని అనుకోము. జానపద సంప్రదాయానికి ఇది నిజమైన సవాలు.

ఈ సవాలును ఎదుర్కొన్న రెండు ప్రయత్నాలు గమనింపదగినవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో 2003 తరువాత చిత్తూరుతో సహా ఏడు కరవు జిల్లాలలో జరిగిన రైతుల భూగర్భజల యాజమాన్య కార్యక్రమం మొదటిది. రైతులు తామే వాన కొలిచి, బావులలో నీటిమట్టం నమోదు చేసి, పంటకాలానికి ముందు ఊరుమ్మడి నీటి పద్దు వేసుకొన్నారు. ప్రచారానికి కళాజాతాలు తోడయ్యాయి. రెండవది ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో ఆడించిన భూగర్భజల ఆట. రైతులు వరుసగా కొన్ని ‘సంవత్సరాల’ పాటు ఎక్కువ నీరు తాగే పంటనో, తక్కువ నీటి పంటనో ఎంచుకొంటారు. అందరి ఎంపిక కలిసి నీటిమట్టాన్ని నిర్ణయిస్తుంది. ఆట ముగిసిన తరువాత ఊరంతా కూర్చొని చర్చిస్తుంది. ఆట ఆడిన గ్రామాలు నీటి లెక్కలను, నీటి నియమాలను ఏర్పరచుకోవడంలో ముందున్నాయని 2018లో ‘వరల్డ్ డెవలప్‌మెంట్’ పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపింది. ఆ గ్రామాలలో అప్పటికే ఉమ్మడి వనరులపై పనిచేసే సంస్థల అండ ఉండటం కూడా గుర్తుంచుకోవాలి.

ఉమ్మడి వనరు నాశనం కాక తప్పదని 1968లో గారెట్ హార్డిన్ వాదించగా, ప్రజలు తమ నియమాలతో దానిని నిలుపుకోగలరని 1990లో ఎలినార్ ఆస్ట్రమ్ అనేక దేశాల ఉదాహరణలతో నిరూపించారు. దశబంధం, నీరుగంటి ఉన్న రాయలసీమకు ఆస్ట్రమ్ వాదం కొత్తది కాదు. ఆ నియమాలు ఎవరి శ్రమపై నిలిచాయనే ప్రశ్నను మాత్రం మన కథలు అదనంగా అందిస్తున్నాయి.

10. బోధనకు, పరిశోధనకు కొన్ని సూచనలు

ముసలమ్మ కథను తరగతిలో చెప్పకుండా ఉండటం పరిష్కారం కాదు. ముగింపు మార్చి చెప్పడం కూడా తగదు. మార్చిన కథలో అసమానతతోపాటు దాని సాక్ష్యం కూడా పోతుంది. కథను ఉన్నదున్నట్లు చెప్పి, కట్ట ఎందుకు తెగింది, అంతకుముందు మరమ్మతు చేయవలసినవారెవరు, దైవవాక్కు బసిరెడ్డిని ఎందుకు కోరలేదు అనే ప్రశ్నలను విద్యార్థుల ముందుంచాలి. నిర్లక్ష్యం అందరిదీ, బలి ఒకరిదీ అనే గ్రహింపు అప్పుడు కలుగుతుంది. త్యాగాన్ని మెచ్చుకోవడం కంటే త్యాగం అవసరం రాకుండా చూడటమే మెరుగైన పాఠం.

పరిశోధకులు చెరువు కథలను సేకరించేటప్పుడు కథ పాఠంతోపాటు ఆ చెరువు స్థితిని కూడా నమోదు చేయాలి. కట్ట, తూము, మొరవ నేడు ఎలా ఉన్నాయి, వంకలు ఆక్రమణకు గురయ్యాయా, పూర్వం మరమ్మతు ఎవరి వంతు, దశబంధ మాన్యం జ్ఞాపకం ఉందా, కథ చెప్పినవారికి ఆ ఆయకట్టులో భూమి ఉందా అనే వివరాలు లేకపోతే కథ సగమే దొరికినట్లు. ఒకే కథను కట్టపై రెడ్డి ఇంటిలో ఒక తీరుగా, కట్ట కింద కూలి ఇంటిలో మరొక తీరుగా చెప్పవచ్చు. ఆ తేడాయే అసలైన చరిత్ర. కుప్పం వంటి త్రిభాషా ప్రాంతంలో తెలుగు, కన్నడ, తమిళ పాఠాలను పక్కపక్కన ఉంచి పరిశీలించే అవకాశం ఉంది. ఇది బృందంగా చేయవలసిన పని.

11. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ణయాలకు రావచ్చు. జానపద కథలన్నీ పర్యావరణ కథలు కావు. వనరును, నియమాన్ని ప్రస్తావించినవే ఆ పేరుకు తగినవి. చెరువు బలి కథలు కట్టపట్ల మన్ననను నిలబెట్టాయి కాని, కట్టను నిలబెట్టింది దశబంధం, నీరుగంటి, ఊరుమ్మడి శ్రమ. ఆ వ్యవస్థలు సడలిన తరువాత కథ మిగిలింది, చెరువు పూడింది. రిషివ్యాలీ బడులు, నీటి పద్దు, భూగర్భజల ఆట వంటి ఆధునిక ప్రయత్నాలు ఫలించినచోట మాటకు పని, పనికి నియమం తోడయ్యాయి.

పోరుమామిళ్ల శాసనం చెరువుకు పన్నెండు అంగాలు చెప్పింది. చెరువును కాపాడుకోవాలన్న తలపు తరతరాలకు అందడానికి కథను పదమూడవ అంగంగా చేర్చవచ్చు. కాని పన్నెండూ లేని చోట పదమూడవది ఒక్కటే నీటిని ఆపలేదు. కథను నేటి పిల్లలకు చెప్పదలచినవారు ఆ ఊరి కట్ట దగ్గర ఆగి, వంతు ఎవరిదో కూడా చెప్పవలసి ఉంటుంది. ఈసారి ఆ వంతు ఒక్క కోడలిది కాకూడదు.